రొయ్యల చెరువుకి ఆక్సిజన్ అలారం చేశాం, పేటెంట్ కాలేజీ పేరు మీద వేస్తామంటున్నారు. ఏం చేయాలి?

ఆకివీడు_ఈసీఈ

అందరికీ నమస్కారం అండి. నేను ఈసీఈ ఫైనలియర్. మాది ఆకివీడు దగ్గర పల్లెటూరు. నాన్న చెరువు లీజుకి తీసుకుని వనామీ రొయ్య వేస్తారు. మా ప్రాజెక్టు, నీళ్లలో ఆక్సిజన్ కొలిచే పరికరం. డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, 4 పీపీఎం కంటే తగ్గితే రైతుకి ఫోన్ కాల్ వెళ్తుంది. కరెంటు పోయి ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) ఆగినా వెళ్తుంది. యాప్ పెట్టలేదు. తెల్లవారుజామున మూడింటికి నోటిఫికేషన్ వస్తే ఎవరు లేస్తారు? ఆక్సిజన్ పడిపోయేది ఆ టైంలోనే కదా.

యూనివర్సిటీ ఐడియా పోటీలో మాకు బహుమతి వచ్చింది. అప్పటి నుంచే టెన్షన్. పేటెంట్ కాలేజీ పేరు మీదే వేస్తారట, ఇన్వెంటర్లలో మా పేర్ల కంటే ముందు ఇద్దరు సార్ల పేర్లు ఉంటాయట. బోర్డు, సెన్సర్ మా డబ్బుతో కొన్నాం. ల్యాబులో సోల్డరింగ్, ఓసిలోస్కోప్ మాత్రం వాడుకున్నాం. మార్చిలో ఎక్స్‌పోలో పెట్టమంటున్నారు. ఇంకోపక్క బెంగళూరులో క్యాంపస్ ఉద్యోగం వచ్చింది, జులైలో జాయినింగ్. నాన్న ఉద్యోగమే చెయ్యమంటున్నారు. నా మనసంతా చెరువు దగ్గరే ఉంది. సంతకం పెట్టాలా? ఉద్యోగం వదిలెయ్యాలా?

పాత_ఇంక్యుబేటీ

తమ్ముడూ, ముందు ఎక్స్‌పో సంగతి చూడు. అప్లికేషన్ వెయ్యకుండా లోపల ఎలా పనిచేస్తుందో అందరికీ వివరించేస్తే, ఇది కొత్తది కాదని పేటెంట్ ఆగిపోవచ్చు. ప్రొవిజనల్, అంటే తాత్కాలిక అప్లికేషన్, వేసి వెళ్లండి. వ్యక్తులకి ఆన్‌లైన్ ఫీజు 1,600 రూపాయలే. పూర్తి స్పెసిఫికేషన్‌కి, అంటే పరికరం పూర్తి వివరాల పత్రానికి, 12 నెలల టైం ఉంటుంది.

హక్కు ఎవరిదంటే, 2019లో కేంద్ర విద్యాశాఖ విద్యార్థుల, అధ్యాపకుల స్టార్టప్‌ల కోసం జాతీయ పాలసీ ఇచ్చింది. కాలేజీ వనరులు గట్టిగా వాడినా, చదువులో భాగంగా చేసినా హక్కు ఇద్దరికీ ఉమ్మడిగా ఉండాలని అందులో ఉంది. రెండూ కాకపోతే పూర్తిగా చేసినవాళ్లదే. నీది ఫైనలియర్ ప్రాజెక్టు కాబట్టి కాలేజీకి ఏ హక్కూ లేదని వాదించకు, ఉమ్మడి హక్కు రాతపూర్వకంగా అడుగు. రేపు కంపెనీ పెట్టి వాళ్ల స్థలం, మొదటి పెట్టుబడి డబ్బు తీసుకున్నా, కాలేజీ వాటా 2 నుంచి 9.5 శాతం మధ్య ఉండొచ్చని అదే పాలసీ చెబుతుంది. ఇన్వెంటర్ల పేర్ల విషయంలో మాత్రం తగ్గొద్దు. బుర్ర పెట్టినవాళ్ల పేరే అక్కడ ఉండాలి. గైడ్ సార్ నిజంగా దారి చూపించి ఉంటే ఆయన పేరు సంతోషంగా పెట్టండి.

ఇంకొకటి, నీకు నచ్చకపోవచ్చు. చెరువులో సెన్సర్ పెట్టి రైతుకి కబురు పంపడం కొత్త ఆలోచన కాదు. విజయవాడలో 2012లో మొదలైన ఎరువాక టెక్నాలజీస్ చేసింది అలాంటి పరికరాలే. తర్వాత దాన్ని నెదర్లాండ్స్‌కి చెందిన న్యూట్రెకో కొనుక్కుంది. అంటే ఈ పనికి గిరాకీ ఉంది. మీ దాంట్లో వాళ్లు చెయ్యనిది ఏముందో వెతుకు. ఏడాదంతా పేటెంట్ కాగితాల మీద పెట్టకు.

కాళ్ల_రైతు

బాబూ, మాది కాళ్ల ఊరు. నేను పదో తరగతితో ఆపేసినవాణ్ని. పేటెంట్ సంగతి నాకు తెలియదు, చెరువు సంగతి చెబుతాను. మా పక్క చెరువులో ఇలాంటి మీటరే పెట్టారండి. కొన్నాళ్లకి సెన్సర్‌కి పాచి పట్టి డీవో 2 అని చూపించింది. అర్ధరాత్రి గట్టు మీదకి పరిగెత్తితే రొయ్య చక్కగా ఉంది. ఇంకోసారి అలాగే అయింది. ఆ తర్వాత మోగినా ఎవరూ లేవలేదు. ఆ సెన్సర్ ఎవరు కడుగుతారు? మా కుర్రాళ్లకి మేత వెయ్యడానికే టైం చాలదు.

రొయ్య అడుగున తిరుగుతుంది. నువ్వు సెన్సర్ పైపైన కడితే ఆ లెక్క మాకు పనికిరాదు. మబ్బు పట్టిన రోజుల్లో, నీళ్లలో సన్నటి నాచు (ప్లాంక్టన్) చచ్చినప్పుడు నీ మీటరు ఏం చెబుతుందో చూసుకో. కరెంటు పోతే ఫోన్ రావడం మాత్రం చాలా మంచి పని. కాపలా కుర్రాడు నిద్రపోతే జనరేటర్ వేసేవాడు ఉండడు, ఆ ఒక్క రాత్రికే పంట పోతుంది.

మీటరు కొనుక్కోమంటే మేం కొనం అండి. పంటకి ఇంత అని తీసుకుని, మీరే వచ్చి కడిగి, సరిచూసి వెళ్తామంటే ఇస్తాం.

పాత_ఇంక్యుబేటీ

తమ్ముడూ, నీ వ్యాపారం ఏంటో ఈయన చెప్పేశారు. పరికరం అమ్మకు, కాపలా అమ్ము. ఇప్పుడు ఫిబ్రవరి. వేసవి పంటకి సీడ్ (రొయ్య పిల్లలు) పడినప్పటి నుంచి రొయ్యలు పట్టేదాకా నీ పరికరాన్ని చెరువులోనే ఉంచితే, జాయినింగ్ కంటే ముందే నీకు జవాబు తెలుస్తుంది. ఈలోపు ఆఫర్ వదులుకోవద్దు. ప్రోటోటైప్ ఖర్చుకి కేంద్ర ప్రభుత్వ పథకం నిధి ప్రయాస్ కింద 10 లక్షల దాకా గ్రాంట్ ఇస్తారు. ఆ పథకం నడిపే ఇంక్యుబేషన్ సెంటర్ (స్టార్టప్‌లకి సాయం చేసే కేంద్రం) ద్వారా అప్లై చెయ్యాలి. ఇది అప్పు కాదు, వాటా అడగరు.

ఆకివీడు_ఈసీఈ

చాలా థాంక్స్ అన్నా. ఉమ్మడి హక్కు కోసం రేపే లెటర్ ఇస్తాం. మాది పల్చటి పొర (మెంబ్రేన్) ఉన్న సెన్సర్, పాచి సమస్య మాకు ల్యాబు బకెట్‌లో కనిపించలేదు. కాళ్ల బాబాయ్ గారూ, నాన్న చెరువుతో పాటు మీ చెరువులో కూడా ఒకటి పెట్టనిస్తారా? కడగడం, సరిచూడటం మేమే చేసుకుంటాం, డబ్బులేమీ వద్దు.

కాళ్ల_రైతు

ఈ నెలాఖరుకి సీడ్ వేస్తున్నాం, వచ్చెయ్యండి. మీ నాన్నగారిని కూడా తీసుకురా, ఆయనతో నేను మాట్లాడతాను. డబ్బు సంగతి పంట అయ్యాక చూద్దాం, ఊరికే చేయించుకోను.