బైనరీ సెర్చ్‌లో +1 ఎందుకో కొత్తవాళ్లకి ఎలా చూపించాలి?

శ్రీకాకుళం, విజయనగరం వైపు ప్రోగ్రామింగ్ పాఠాలు చెప్పేవాళ్లు కాస్త సలహా ఇవ్వండి.

బైనరీ సెర్చ్ అంటే క్రమంలో ఉన్న లిస్టులో మధ్యది చూసి, ప్రతిసారీ అక్కర్లేని సగం వదిలేస్తూ వెతకడం. నా ఉదాహరణలో అక్షర క్రమంలో ఏడు ఊళ్లు, స్థానాలు 0 నుంచి 6 వరకు: ఆమదాలవలస, ఇచ్ఛాపురం, టెక్కలి, నరసన్నపేట, పలాస, పాతపట్నం, సోంపేట. పైథాన్‌లో మిడ్ = (లో + హై) // 2; లో, హై అంటే ఇంకా వెతకాల్సిన భాగంలో మొదటి, చివరి స్థానాలు, మిడ్ వాటి మధ్యది, // అంటే శేషం వదిలేసే భాగహారం. కుడివైపు వెళ్లాల్సినప్పుడు పిల్లలు లో = మిడ్ + 1 బదులు లో = మిడ్ అని రాసేస్తున్నారు. పలాస, పాతపట్నం దొరికేస్తాయి, దాంతో కోడ్ బాగుందనే అనుకుంటారు. సోంపేట వెతికితే మాత్రం మిడ్ 3, 4, 5, 5, 5... లూప్ ఆగదు. (5 + 6) // 2 మళ్లీ 5 కదా! చూసేసిన స్థానాన్ని వదిలెయ్యాలన్నదే అసలు సంగతి, దాన్ని బట్టీ పట్టించడం నాకు ఇష్టం లేదు.

ముందు బోర్డు మీద లో, హై, మిడ్ పట్టిక వేయించాలా, ప్రింట్ పెట్టి నడిపించాలా? లిస్టులో లేని కవిటి లాంటి పేరు ఏ దశలో ఇస్తే మంచిది?