చిన్న క్రాంక్ పుల్లీ వేస్తే పవర్ నిజంగా పెరుగుతుందా?

రెడ్‌లైన్: నా కారుకు చిన్న క్రాంక్ పుల్లీ (ఇంజిన్ క్రాంక్ చివర ఉండి బెల్టును తిప్పే చక్రం) వేయించాలనుకుంటున్నాను. కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్, ఇంజిన్‌ను చల్లబరిచే నీటిని తిప్పే వాటర్ పంపు, స్టీరింగ్ పంపు అన్నీ ఒకే బెల్టు మీద తిరుగుతున్నాయి. వాటిని 20 శాతం నెమ్మదిగా తిప్పితే మిగిలే పవర్ చక్రాలకే కదా పోయేది? వద్దనేవాళ్లు కారణం చెప్పండి.

నట్టుబోల్టు: లెక్క వేసి చూడండి. ఆల్టర్నేటర్ 14 వోల్టుల దగ్గర 50 ఆంపియర్లు ఇస్తుంటే 700 వాట్లు. దాని నష్టాలు కలిపినా ఇంజిన్ నుంచి లాగేది ఒకటిన్నర హార్స్‌పవర్ దాకానే. పైగా అది నెమ్మదిగా తిరిగినంత మాత్రాన హెడ్‌లైట్లు, బ్లోయర్ అడిగే కరెంటు తగ్గదు. నేను వేయించి ఏడాది నడిపాను. రాత్రి సిగ్నల్ దగ్గర ఆగితే ఇండికేటర్ కొట్టుకున్న ప్రతిసారీ హెడ్‌లైట్ మసకబారేది. ట్రాఫిక్‌లో ఏసీ వేస్తే టెంపరేచర్ ముల్లు పైకి పాకేది, ఒకటే టెన్షన్. చివరికి పాత పుల్లీయే పెట్టించాను.

ట్రాక్‌డే: రోడ్డు మీద మీ మాట నిజం. రేస్ ట్రాక్ మీద మాత్రం ఒప్పుకోను. అక్కడ ఇంజిన్ 4000 ఆర్పీఎం కిందికి దిగదు, వాటర్ పంపు అవసరానికి మించి తిరుగుతుంది. అది లాగే పవర్ వేగానికి ఘనం లెక్కన పెరుగుతుంది. వేగం 20 శాతం తగ్గిస్తే భారం దాదాపు సగమవుతుంది.

పాత గ్యారేజి: ఇద్దరూ డాంపర్‌ను మరిచిపోయారు. చాలా ఇంజిన్లలో క్రాంక్ పుల్లీ వట్టి చక్రం కాదు, అదురును తగ్గించే డాంపర్ కూడా అదే. మధ్య భాగానికీ బయటి రింగుకూ నడుమ నల్లటి రబ్బరు పొర ఉంటుంది. సిలిండర్ మండినప్పుడల్లా క్రాంక్ సన్నగా మెలితిరుగుతుంది, ఆ అదురును ఆ రబ్బరు మింగేస్తుంది. దాన్ని తీసేసి గట్టి అల్యూమినియం పుల్లీ బిగిస్తే అదురంతా క్రాంక్‌లోనే ఉండిపోతుంది. బేరింగులు, ఆయిల్ పంపు దెబ్బతినొచ్చు. రెండు మూడు హార్స్‌పవర్ కోసం ఇంత పని దయచేసి చేయకండి. ఇంజిన్‌తో పాటే తిరిగే పాత రకం ఫ్యాన్ ఉంటే దాన్ని ఎలక్ట్రిక్ ఫ్యాన్‌గా మార్చండి. తేడా తెలిసేది అక్కడే.

రెడ్‌లైన్: నాది రోజూ ఆఫీసుకు వెళ్లే కారే, ట్రాక్ ఊసే లేదు. ఇప్పుడే బానెట్ ఎత్తి టార్చ్ వేసి చూశాను. ఫ్యాన్ ఎలక్ట్రిక్‌దే. పుల్లీలో మీరన్న రబ్బరు ఉంది, అంచు వెంట పగుళ్లు కూడా కనిపించాయి. చిన్న పుల్లీ మానేసి, అసలు సైజు డాంపరే కొత్తది వేయిస్తున్నాను.