పేగు ఆపరేషన్ అయిన నాలుగో రోజే ఇంటికా?

అవనిగడ్డ అబ్బాయి:
మా నాన్నకి పెద్దపేగు క్యాన్సర్. వచ్చే వారం విజయవాడలో ఆపరేషన్. ‘ఈరాస్’ పద్ధతిలో, అంటే ఆపరేషన్ తర్వాత మనిషి త్వరగా కోలుకునేలా, చేస్తామన్నారు. మత్తు ఇవ్వడానికి రెండు గంటల ముందు దాకా తీపి నీళ్లు తాగొచ్చట. ఆ సాయంత్రమే లేపి కూర్చోబెడతారట. మర్నాడు మెత్తటి తిండి, అన్నీ బాగుంటే నాలుగో రోజు డిశ్చార్జి. మా పెద్దమ్మేమో “పేగు కోసి కుట్టినవాడికి మర్నాడే తిండేంట్రా, మంచం ఖాళీ చేయించుకోడానికి కాకపోతే” అంటోంది. నిజమేనా?

సూర్యారావుపేట పెద్దాయన:
మీ పెద్దమ్మ మాటే కరెక్టు బాబూ. 1998లో నాకు పేగు ఆపరేషన్ అయింది. ముక్కులో గొట్టం వేసి అయిదు రోజులు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టనివ్వలేదు. పన్నెండో రోజు పంపారు. ఇప్పటికీ గుండ్రాయిలా ఉన్నాను.

కొత్తపేట నర్సు:
మీరు బాగున్నందుకు సంతోషం బాబాయ్ గారూ, కానీ అది ఆ గొట్టం చలవ కాదు. నీళ్లు రెండు గంటల్లో పొట్ట దాటిపోతాయి. రాత్రి నుంచి పస్తు పెడితే ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయదు. సెలైన్ ఎక్కువ ఎక్కిస్తే పేగు గోడ ఉబ్బుతుంది, మార్ఫిన్ లాంటి నొప్పి మందులు పేగును కదలనివ్వవు. ఇవన్నీ తగ్గించి, మనిషిని త్వరగా నడిపిస్తే పేగు తొందరగా దారిలో పడుతుంది. డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ 1990ల్లోనే ఇది మొదలుపెట్టాడు, నిన్నటి ఫ్యాషన్ కాదు. నాన్నగారికి షుగరుంటే మాత్రం ఆ తీపి నీళ్ల సంగతి ముందే అడగండి. ఇంకోటి, పప్పు తింటే చీము పడుతుందని పెట్టకుండా ఉంటారు మనవాళ్లు. పుండు మానడానికి కావలసిందే అది!

సూర్యారావుపేట పెద్దాయన:
సైన్సు సరేనమ్మా, మంచం లెక్క చెప్పవేం?

కొత్తపేట నర్సు:
ఆరోగ్యశ్రీలో (ఇప్పటి ఎన్టీఆర్ వైద్యసేవలో) అయితే ప్యాకేజీ సొమ్ము ముందే ఖాయం, త్వరగా పంపితే ఆసుపత్రికి మిగులు. చేతి డబ్బు కట్టేవాళ్ల దగ్గర రోజుకింత గది అద్దె, ఉంచుకుంటేనే లాభం. అనుమానపడితే రెండు వైపులా పడాలి.

మాచర్ల కోడలు:
పద్ధతిని నేనూ తప్పు పట్టను. మా అత్తగారికి గుంటూరులో ఇలాగే చేశారు, నాలుగో రోజు నడుచుకుంటూ ఇంటికొచ్చారు. ఆరో రోజు రాత్రి జ్వరం, పొట్ట బిగుసుకుపోయింది. ఇచ్చిన నంబరు మోగి మోగి ఆగిపోయింది. వంద కిలోమీటర్లు పైగా కారులో తీసుకెళ్లాం. పేగు అతికిన చోట లీకయిందట. మళ్లీ ఆపరేషన్, మలం పోవడానికి పొట్ట మీద సంచీ. ఆసుపత్రిలో ఉన్నా లీకయ్యేదే అన్నారు డాక్టరు. ఒప్పుకున్నాను. కానీ ఉండి ఉంటే ఆ రాత్రే చూసేవాళ్లు కదండీ?

కొత్తపేట నర్సు:
దీనికి నా దగ్గర జవాబు లేదమ్మా. లీకు సాధారణంగా మొదటి వారం రోజుల్లోనే బయటపడుతుంది. అందుకే నాలుగో రోజు అనేది ముహూర్తం కాదు. తింటున్నారా, గ్యాస్ పోతోందా, నొప్పి మాత్రలతో తగ్గుతోందా, జ్వరం రాకుండా ఉందా, ఇవన్నీ చూశాకే పంపాలి. మూడో రోజో నాలుగో రోజో సీఆర్‌పీ రక్తపరీక్ష చేస్తారు, ఒంట్లో వాపో ఇన్‌ఫెక్షనో ఉంటే పెరిగేది అది. అది బాగా ఎక్కువుంటే మా ఇంట్లోవాళ్లనైతే నేను కదలనివ్వను. ఇంటికెళ్లాక జ్వరం, గుండె దడ, వాంతులు, పొట్ట ఉబ్బరం, వీటిలో ఏదొచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు.

సూర్యారావుపేట పెద్దాయన:
ఇంత భయం పెట్టుకునే బదులు ఇంకో మూడు రోజులు ఉంచమంటే పోయేదేముంది?

అవనిగడ్డ అబ్బాయి:
అందరికీ థాంక్సండీ. ఈరాస్‌కే ఒప్పుకున్నాం. డిశ్చార్జి అయ్యాక పది రోజులు అవనిగడ్డ వెళ్లకుండా విజయవాడలోనే, పటమటలో మా బాబాయి ఇంట్లో ఉంటాం. పెద్దమ్మ ఇంకా అలకలోనే ఉంది. మాచర్ల అక్కా, మీరు రాసింది చదివాక రాత్రి డ్యూటీ డాక్టరు నంబరు అడిగి తీసుకున్నాను. నిన్న పదకొండున్నరకి ఒకసారి చేసి చూశాను. ఎత్తారు.