సూర వేటకు సముద్రపు ఉష్ణోగ్రత పటాన్ని ఎలా చదవాలి?

ప్రశ్న: పూడిమడక తీరవాసి

అందరికీ నమస్కారం. మాది అనకాపల్లి జిల్లా పూడిమడక. మా నాన్నగారు, చిన్నాన్న ఫైబర్ బోటు మీద సూరల (ట్యూనా చేపల) కోసం గాలం వేటకు వెళ్తుంటారు. ఒడ్డున ఉండి పటాలు చూసి ఎటు వెళ్ళాలో చెప్పే పని ఈ మధ్యనే నా మీద పడింది. ఫోనులో సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత పటం తెరిస్తే, ఈ ఫిబ్రవరి చివరి వారంలో మా తీరానికి ఎదురుగా ఎటు చూసినా దాదాపు ఒకే రంగు కనిపిస్తోంది. 27 డిగ్రీల దగ్గర మొదలై ఎక్కడో దూరాన 28 వరకు వెళ్తోంది, అంతే. నాన్నగారు అడిగేది ఒకే మాట: “ఎన్ని డిగ్రీల నీళ్ళలో సూర ఉంటుందో చెప్పరా, అక్కడికే పోదాం.” ఇంటర్నెట్టులో వెతికితే ఒకరు 20 అంటారు, మరొకరు 30 అంటారు.

ఇంకో సందేహం కూడా ఉంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ చేపలు దొరికే అవకాశమున్న ప్రాంతాల సమాచారం ఇస్తోంది కదా, అది చూసి బయలుదేరి మరుసటి రోజు ఉదయానికి అక్కడికి చేరితే, ఆ చోటు అప్పటికీ పనికివస్తుందా? డీజిలు ఖర్చు తలచుకుంటే ఊరికే తిరిగి రావడం మాకు భారం. తెలిసినవారు వివరించగలరు.

జవాబు: సాగరశాస్త్ర పాఠకుడు

బంగాళాఖాతంలో ఫలానా డిగ్రీ అని పెట్టుకుని సూరను వెతకడం వల్ల ప్రయోజనం లేదండీ. పసుపు రెక్కల సూర, అంటే ఎల్లోఫిన్ ట్యూనా, సుమారు 18 నుంచి 31 డిగ్రీల వరకు ఉండే నీటిలో హాయిగా తిరిగే చేప. మన తీరంలో పైనీరు చలికాలంలో కూడా 25 దగ్గరే ఉంటుంది, ఏప్రిల్, మే నెలల్లో 30 దాటుతుంది. అంటే ఏడాది పొడవునా ఈ సముద్రమంతా దానికి అనువైనదే. మీరు అంకె మీద నుంచి దృష్టి తీసి, అంకె ఎక్కడ త్వరగా మారుతోందో అక్కడ పెట్టండి. పది కిలోమీటర్ల దూరంలో నెమ్మదిగా అర డిగ్రీ మారితే దానికి పెద్ద విలువ లేదు. అదే అర డిగ్రీ ఒకటి రెండు కిలోమీటర్లలో మారితే అక్కడ రెండు రకాల నీళ్ళు ఒకదానితో ఒకటి ఒరుసుకుంటున్నాయని అర్థం.

అటువంటి అంచు దగ్గర చేప చేరడానికి కారణాలు ఉన్నాయి. అడుగు నుంచి పోషకాలతో కూడిన చల్లని నీరు పైకి వచ్చిన చోట ఎండ తగిలి సూక్ష్మమైన నాచు పెరుగుతుంది, దాన్ని తినే సన్నజీవులు పెరుగుతాయి, వాటి వెనుక కవళ్ళు, కానాగడతలు, వాటి వెనుక సూరలు వస్తాయి. పైగా రెండు నీళ్ళు కలిసే గీత వెంబడి తేలియాడే చెత్తా చెదారం, ఆ సన్నజీవులు కూడా పోగుపడతాయి. అయితే నాచు పెరిగిన రోజే సూర రాదు. ఈ వరుస పూర్తి కావడానికి రోజుల నుంచి వారాల వరకు పడుతుంది. అందుకే నిన్న పుట్టిన పచ్చని మచ్చ కంటే, వారం రోజులుగా పటంలో అదే చోట నిలిచి ఉన్న అంచును నేను ఎక్కువగా నమ్ముతాను. ఇన్‌కాయిస్ కూడా ఉష్ణోగ్రతను ఒక్కదాన్నే చూడదు, ఉపగ్రహం సముద్రపు రంగును బట్టి లెక్కగట్టే పత్రహరితాన్ని కూడా కలిపి చూస్తుంది.

మీకు పటమంతా ఒకే రంగుగా కనిపించడానికి సగం కారణం ఆ యాప్ రంగుల కొలబద్ద అయి ఉంటుంది. 0 నుంచి 35 డిగ్రీల వరకు రంగులు పంచితే మన సముద్రమంతా ఎర్రగానే ఉంటుంది. కనిష్ఠాన్ని 26కు, గరిష్ఠాన్ని 29కు మార్చుకునే వీలుంటే మార్చి చూడండి, గీతలు బయటపడతాయి.

మరొక జాగ్రత్త చెప్పాలి. పరారుణ కిరణాలతో కొలిచే ఉపగ్రహం చూసేది నీటి పైపొరనే, ఆ పొర మందం మిల్లీమీటరులో వందో వంతు పాటిదే. గాలి లేని మధ్యాహ్నం ఆ పైనీరు ఒకటి రెండు డిగ్రీలు ఉత్తినే వేడెక్కి, కింద ఉన్న అసలు అంచును కప్పేస్తుంది. కాబట్టి రాత్రివేళ తీసిన పటాన్నే తీసుకోండి. మబ్బుల అంచుల్లో కనిపించే చల్లని మచ్చలను కూడా నమ్మకండి, అది చాలాసార్లు సముద్రం కాదు, పలుచని మబ్బు.

జవాబు: విశాఖ సరంగు

పైన వారు శాస్త్రం చక్కగా చెప్పారు. నేను బోటు మీద పనికివచ్చే మాటలు చెబుతాను.

ఇన్‌కాయిస్ సమాచారంలో మీ రేవు నుంచి ఏ దిక్కుకు, ఎన్ని డిగ్రీల కోణంలో, ఎన్ని కిలోమీటర్ల నుంచి ఎన్ని కిలోమీటర్ల దాకా, అక్కడ లోతు ఎంత నుంచి ఎంత వరకు అన్న వివరాలు, వాటితోపాటు అక్షాంశ రేఖాంశాలు ఉంటాయి. చాలామంది ఆ అక్షాంశ రేఖాంశాలను జీపీఎస్‌లో కొట్టి, తిన్నగా ఆ చుక్క దగ్గరికి వెళ్ళి, ఇంజను ఆపి కూర్చుంటారు. అది చుక్క కాదండీ, గీత. ఆంధ్ర తీరానికి ఉత్తర, దక్షిణ భాగాలుగా విడివిడిగా పటాలు వస్తాయి. మీరు ఉత్తర భాగం పటం తెరిచి ఆ గీత ఎటు నుంచి ఎటు సాగిందో చూసుకున్నాకే బయలుదేరండి.

ఇక గీత జరగడం గురించి మీరు అడిగిన ప్రశ్న సరైనది. మన తీరం వెంబడి పెద్ద ప్రవాహం ఒకటి ఉంటుంది. అది ఫిబ్రవరి నుంచి మే వరకు ఈశాన్యంగా, అంటే మన దగ్గర నుంచి ఒడిశా వైపు పోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తిరగబడి చెన్నై వైపు పోతుంది. సెకనుకు అరమీటరు వేగమే అనుకున్నా రోజుకు 43 కిలోమీటర్లు అవుతుంది. గీత మొత్తం అంత వేగంతో కదలదు, పెద్ద సుడుల అంచుల్లో ఉండేవి వారాల పాటు దాదాపు అక్కడక్కడే ఉంటాయి. కానీ చిన్నవి జరుగుతాయి. అందువల్ల ఈ నెలల్లో పటం ఒకరోజు పాతదైతే, చూపిన చోటుకు కొంచెం ఈశాన్యంగా చేరేటట్టు దారి పెట్టుకోవడం మంచిది. రెండు రోజులు దాటిన పటం మీద ఖర్చుపెట్టమని నేనైతే చెప్పను.

దగ్గరికి చేరాక గీతను అడ్డంగా కోస్తూ వెళ్ళాలి, దాని వెంబడి కాదు. ఫిష్‌ఫైండర్ (శబ్ద తరంగాలతో నీటి కింది చేపలను చూపే యంత్రం) ఉంటే, బోటు అడుగున దించే దాని పరికరం చాలావరకు ఉష్ణోగ్రతను కూడా చూపుతుంది, ఆ అంకె మీద ఒకరి కన్ను ఎప్పుడూ ఉండాలి. లేకపోతే బకెట్టుతో నీళ్ళు తోడి థర్మామీటరు ముంచినా సరిపోతుంది. 27.1, 27.1, 27.2 అంటూ వచ్చి ఒక్కసారి 27.7 అయిందంటే అంచు దాటారన్నమాట. అప్పుడు చుట్టూ చూడండి: నీటి రంగు పచ్చదనం నుంచి నీలంలోకి తిరుగుతుంది, నురుగు, ఆకులు, ప్లాస్టిక్కు ఒక వరుసలో తేలుతుంటాయి, పిట్టలు ఉంటే మరీ మంచిది. సూర కంటితో చూసి వేటాడే చేప కాబట్టి మడ్డి నీటిలోకి ఎక్కువగా రాదు. అంచుకు ఇవతల వెచ్చని, తేటగా ఉన్న నీటిలో నిలిచి, చల్లని పక్క నుంచి బయటికొచ్చే చిన్న చేపలను పడుతుంది. కనుక అంచు దొరికాక తేటనీటి వైపుకు తిరిగి, దాని వెంబడి గాలాలు లాగండి.

ఫోను సిగ్నలు అందని దూరం వెళ్ళేవారికి జెమిని అనే చిన్న పరికరం ఉంది. 2019లో వచ్చింది. గగన్ ఉపగ్రహ వ్యవస్థ ద్వారా చేపల సమాచారం, తుపాను హెచ్చరికలు అందుకుని బ్లూటూత్‌తో మీ ఫోనుకు పంపుతుంది. దాని నుంచి మనం తిరిగి ఏమీ పంపలేమన్నది గుర్తుంచుకోండి.

జవాబు: నిజాంపట్నం వలకాడు

రొయ్యల కోసం అడుగు వల లాగేవారు ఇది చదివి ఆశపడవద్దని మనవి. ఈ పటాలన్నీ పైనీటివి. సూర, కోనాం, కానాగడత, కవళ్ళు వంటి పైనీటి చేపలకు ఇవి పనికివస్తాయి. రొయ్య అడుగున ఉండే బురదను, ఏటి నీటి రాకను బట్టి ఉంటుంది, పైన అర డిగ్రీ మారితే దానికి పట్టదు.

పూడిమడక తీరవాసి

అందరికీ కృతజ్ఞతలు. సరంగు గారూ, మీ మాటలు నాన్నగారికి చదివి వినిపించాను. అడ్డంగా కోయడం ఆయనకు తెలుసట, బకెట్టు థర్మామీటరు మాత్రం కొత్తట. సాగరశాస్త్ర పాఠకుడు గారికి ఒక ప్రశ్న. గత డిసెంబరు పటంలో కాకినాడ నుంచి విశాఖ దాకా తీరాన్ని ఆనుకుని చల్లని పట్టీ ఒకటి చాలా స్పష్టంగా ఉండేది, దాని మీదే పత్రహరితం కూడా ఎక్కువగా చూపేది. రెండూ కలిసినా మా వాళ్ళకు అక్కడ సూర తగలలేదు. కారణం ఏమిటి?

జవాబు: సాగరశాస్త్ర పాఠకుడు

అది పైకి ఉబికిన నీరు కాకపోవచ్చు, ఏటి నీరు అయి ఉండవచ్చు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి తెచ్చిన మంచినీరు వానాకాలం ముగిశాక తీరం వెంబడి దక్షిణానికి దిగుతుంది. ఉప్పు తక్కువ కాబట్టి తేలికగా ఉండి పైనే పలుచగా పరుచుకుంటుంది. చలిగాలికి ఆ పైపొర చల్లబడినా కిందికి దిగలేదు, దాని కింద ఉన్న ఉప్పునీరు దానికంటే వెచ్చగా ఉంటుంది. మామూలుగా లోతుకు పోయేకొద్దీ చల్లబడవలసిన సముద్రం అక్కడ తలకిందులవుతుంది. ఉపగ్రహానికి ఇవేమీ తెలియవు, దానికి చల్లని పట్టీ కనిపిస్తుంది అంతే. పత్రహరితం సంగతీ అంతే: గోదావరి మొగల దగ్గర ఒండ్రు, నీటిలో కరిగిన ఆకుల పసరు కూడా రంగును మార్చి, లేని నాచును ఉన్నట్టు చూపిస్తాయి. ఆ మడ్డిలోకి సూర రాదని సరంగు గారు చెప్పనే చెప్పారు.

నిజంగా అడుగునీరు పైకి వచ్చేది మార్చి తర్వాత, నైరుతి నుంచి తీరం వెంబడి గాలి నిలకడగా వీచే రోజుల్లో. ఆ గాలి, భూమి తిరగడం వల్ల, పైనీటిని తీరం నుంచి నడిసముద్రం వైపు నెడుతుంది, ఆ ఖాళీలోకి కింది నీరు వస్తుంది. విశాఖ ఎదుట ఈ సంగతిని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1950వ దశకంలోనే పరిశీలించారు. అప్పుడు కనిపించే చల్లని పట్టీకి విలువ ఉంటుంది.

గాలం ఎంత లోతుకు దించాలో తేల్చడానికి మాత్రం పై పటం చాలదు. కొంత లోతు దాకా నీరు ఒకే వెచ్చదనంతో ఉండి, ఆ కింద వేగంగా చల్లబడే పొర ఒకటి ఉంటుంది. బంగాళాఖాతంలో ఆ పొర కిందికి పోయేకొద్దీ ప్రాణవాయువు బాగా తగ్గిపోతుంది కాబట్టి పసుపు రెక్కల సూర ఎక్కువసేపు దానికి పైనే ఉంటుంది. ఆ పొర పైకి జరిగిన చోట చేపకు మిగిలే జాగా తగ్గి, గాలానికి తేలికగా అందుతుంది. సముద్రంలో మునిగి తేలుతూ సాధారణంగా పది రోజులకోసారి 2000 మీటర్ల దాకా కొలిచే ఆర్గో పరికరాల కొలతలు ఇన్‌కాయిస్ వెబ్‌సైటులో దొరుకుతాయి. మీకు దగ్గరలో ఏదైనా ఉంటే, ఉష్ణోగ్రత గీత ఎన్ని మీటర్ల దగ్గర ఒక్కసారిగా వంగిందో చూసి, నాన్నగారికి ఆ లోతును బారల్లోకి మార్చి చెప్పండి.

మీకు మార్చి నెల, ఏప్రిల్ మొదటి రెండు వారాలు మంచి సమయం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఎలాగూ ఉంటుంది, ఆ తర్వాత రుతుపవనాల మబ్బులు కమ్మి పటాలు రోజుల తరబడి ఖాళీగా వస్తాయి. సూక్ష్మతరంగాలతో కొలిచే ఉపగ్రహాలు మబ్బుల గుండా చూడగలవు గానీ, వాటికి ఒక్కో గడి సుమారు 25 కిలోమీటర్లు ఉంటుంది, తీరం దగ్గర అసలు చూపవు. మీరు వెతికే అంచు అందులో కనిపించదు.