మిరప ఆరబోతపై మా ఊళ్లో పరీక్ష పెట్టాలనుకుంటున్నాం: ఏం కొలవాలి, ఎలా కొలవాలి?

ప్రశ్న: గోదావరి ఒడ్డు రైతు, ధర్మాబాద్ తాలూకా

అందరికీ నమస్కారం. మాది నాందేడ్ జిల్లాలో, గోదావరికి దగ్గరగా ఉన్న చిన్న ఊరు. తాతల నాటి నుంచి ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ. ఊళ్లో పదకొండు కుటుంబాల వాళ్లం మిరప వేస్తాం. ఎర్రకాయ కోతలు జనవరిలో మొదలై ఏప్రిల్ దాకా సాగుతాయి. కోసిన పండుకాయను రెండు రోజులు ఇంట్లో కుప్ప పోసి రంగు తిరిగాక కల్లంలో ఆరబోస్తాం. వాతావరణం బాగుంటే పది రోజులు, మబ్బు పడితే పదిహేను రోజులు పడుతుంది. 2014 ఫిబ్రవరి, మార్చి నెలల్లో మరాఠ్వాడాలో కురిసిన వడగండ్ల వానలను చూసినవాళ్లం కాబట్టి, కల్లంలో సరుకున్నన్ని రోజులూ మాకు కంటి మీద కునుకుండదు.

పోయిన ఏడాది నేను అమ్మకానికి తీసుకెళ్లిన సరుకును కొనుగోలుదారు పది కాయలు తీసి విరిచి చూశాడు. పైకి నిగనిగలాడుతున్న కాయల్లో మూడింటిలో, తొడిమ దగ్గర విరిచేసరికి, గింజల చుట్టూ బూడిద రంగు బూజు కనిపించింది. లాటు మొత్తానికి ధర తగ్గింది. బూజు విషం సంగతి తేల్చుకుందామని అదే లాటులోంచి రెండు నమూనాలు పరీక్షకు పంపితే, ఒకదానిలో అఫ్లాటాక్సిన్ అనే ఆ విషం పరిమితి దాటిందనీ మరొకదానిలో దాటలేదనీ వచ్చింది. దేన్ని నమ్మాలో నాకు ఇప్పటికీ తెలియలేదు.

ఈసారి అందరం కలిసి ప్లాస్టిక్ కప్పుతో సోలార్ డ్రైయర్ కట్టుకోవాలనుకుంటున్నాం. పెద్దదానికి డబ్బు పెట్టేముందు పది చదరపు మీటర్లలో చిన్నది కట్టి, మా కల్లంతో పోల్చి చూడాలని నా ఆలోచన. పరీక్ష ఎలా పెడితే నలుగురూ ఒప్పుకునే ఫలితం వస్తుంది? ఆరిన సరుకును పాత రేకుల షెడ్డులో నిల్వ చేస్తాం కాబట్టి దాని గురించీ, తినేవాళ్ల ఆరోగ్యం గురించీ తెలిసినవాళ్లు చెప్పగలరని ప్రార్థన.

జవాబు: వ్యవసాయ ఇంజనీరు, నిజామాబాద్

రైతు గారూ, ముందు చిన్నది కట్టి చూడాలన్న మీ నిర్ణయం సరైనది. డ్రైయర్ కొనేటప్పుడు అందరూ లోపల ఎంత వేడి వస్తుందని అడుగుతారు గానీ, ఎంత నీరు బయటికి పోతుందని అడగరు. మనకు కావలసింది రెండోది.

లెక్క వేసి చూడండి. పండుకాయలో తేమ 75 శాతం అనుకుంటే, 100 కిలోల కాయలో 25 కిలోలే ఎండు పదార్థం. దాన్ని 10 శాతం తేమకు ఆరబెడితే మిగిలేది 28 కిలోలకు కాస్త తక్కువ, అంటే సుమారు 72 కిలోల నీరు పోవాలి. కిలో నీరు ఆవిరి కావడానికి ఇంచుమించు 0.67 యూనిట్ల (కరెంటు బిల్లులో లెక్కించే యూనిట్లే) వేడి ఖర్చవుతుంది కనుక మొత్తం 48 యూనిట్లు కావాలి. మన ప్రాంతంలో ఫిబ్రవరి ఎండ చదరపు మీటరుకు రోజుకు సుమారు 5 యూనిట్లు ఇస్తుంది. డ్రైయర్ అందులో నాలుగో వంతును పనికి తెచ్చుకున్నా, పది చదరపు మీటర్లకు రోజుకు పన్నెండున్నర యూనిట్లు దక్కుతాయి. కాగితం మీద నాలుగు రోజుల పని. కాయ లోపలి తేమ చివర్లో చాలా నెమ్మదిగా వస్తుంది కాబట్టి ఐదారు రోజులు అనుకోండి. మీ డ్రైయర్ ఎనిమిది రోజులు తీసుకుంటే లోపం ఎండలో లేదు, గాలి కదలికలో ఉందని తెలుసుకోవాలి. కింద గాలి లోపలికి వచ్చే దారి, పైన తడిగాలి వెళ్లిపోయే పొగగూడు గానీ సోలార్ పలకతో తిరిగే చిన్న ఫ్యాను గానీ లేకపోతే, కాయ తన ఆవిరిలో తానే ఉడికినట్టవుతుంది. అరవై డిగ్రీలు దాటనివ్వకండి, రంగు నల్లబడుతుంది.

ఇక పోలిక. ఒక రైతు కాయను డ్రైయర్‌లో, మరో రైతు కాయను కల్లంలో పోసి పోల్చితే ఆ పరీక్షకు విలువ ఉండదు. రెండు చేల నీళ్లు వేరు, తెగుళ్లు వేరు. ఒకే కోతలో వచ్చిన ఒకే చేను కాయలోంచి పురుగు తొలిచినవీ కాయకుళ్లు తగిలినవీ ముందే ఏరేసి, మిగిలినదాన్ని బాగా కలిపి రెండు సమాన భాగాలు చేయండి. ఏ భాగం ఎటు పోవాలో మీరు ఎంచకండి, చీటీ తీయండి. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ పొలాల్లో పనిచేస్తూ 1920లలో గణాంక శాస్త్రవేత్త ఫిషర్ నెలకొల్పిన పద్ధతి ఇదే. ఆ ఫిషర్ దగ్గర కేంబ్రిడ్జిలో పరిశోధన చేసి డాక్టరేటు పొందినవారు మన తెలుగువారైన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు. చెయ్యి తనకు తెలియకుండానే మంచి కాయను కొత్త యంత్రం వైపు తోస్తుంది, చీటీ అలా చేయదు. కుప్ప పోసి ఉంచే ఆ రెండు రోజులూ రెండు భాగాలకూ ఒకేలా ఉండాలి, ఎందుకంటే బూజు చాలాసార్లు మొదలయ్యేది అక్కడే. కనీసం నాలుగు కోతలకు, నలుగురు రైతుల కాయతో ఇలాగే చేయండి. ఒక్కసారి వచ్చిన ఫలితం ఆ వారపు వాతావరణం గురించి చెబుతుంది గానీ డ్రైయర్ గురించి చెప్పదు.

ప్రతి భాగం నడుమ ఒక జల్లెడ తట్టలో సరిగ్గా 4 కిలోల కాయ పోసి, దాన్ని రోజూ తూచండి. మొదటి తేమ 75 శాతమైతే ఆ తట్టలోని కాయ 1 కిలో 110 గ్రాములకు దిగినప్పుడు 10 శాతానికి వచ్చినట్టు. మొదటి తేమను ఊహించవద్దు. వంద గ్రాముల కాయను ముక్కలు చేసి, కళాశాల ప్రయోగశాలలోని ఓవెన్‌లో తూకం ఇక తగ్గనంతవరకు ఉంచి తెలుసుకోండి. మీకు బాసర రైల్లో పక్కనే, అక్కడ సాంకేతిక విశ్వవిద్యాలయం ఉంది. పర్భణీ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల కూడా ఉంది. ఇలాంటి పని ప్రాజెక్టుగా తీసుకునే విద్యార్థుల కోసం రెండుచోట్లా అడగండి.

జవాబు: గోదాముల నిర్వాహకుడు, బోధన్

ఇంజనీరు గారు చెప్పినదంతా కల్లం దాకా. పది శాతానికి ఆరిన కాయ పెళుసుగా ఉంటుంది, గాలిలో నిమ్ము ఉంటే బస్తాలో ఉండగానే దాన్ని పీల్చుకుని మెత్తబడుతుంది. నా ఇరవై ఏళ్ల పనిలో, బాగా ఆరి వచ్చిన సరుకు షెడ్డులో పాడవడం ఎన్నోసార్లు చూశాను. అప్పుడు నింద రైతు మీద పడుతుంది.

సరుకు చేర్చకముందే నేలను పరీక్షించండి. మూరెడు వెడల్పున్న దళసరి ప్లాస్టిక్ ముక్కను గచ్చు మీద పరిచి, నాలుగు అంచులనూ టేపుతో గాలి చొరకుండా అంటించి, ఒక పగలూ ఒక రాత్రీ వదిలేయండి. తీసి చూసినప్పుడు ప్లాస్టిక్ అడుగున నీటి బొట్లున్నా, గచ్చు అక్కడ నల్లబడినా, భూమిలోని తేమ పైకి వస్తున్నట్టే. గది నాలుగు మూలలా, నడుమనా చేయండి, ఎందుకంటే వాన నీరు నిలిచే వైపు గోడ పక్కన ఒక ఫలితం, నడుమ ఇంకొకటి వస్తుంది. తేమ ఉన్నచోట మందపాటి పాలిథిన్ పరిచి, దాని మీద చెక్క చట్రాలు వేసి, ఆ పైన బస్తాలు పేర్చండి. గోడకూ బస్తాల నెట్టుకూ మధ్య మనిషి నడిచేంత సందు ఉండాలి. అది గాలికే కాదు, పక్క నుంచి బస్తా విప్పి చూడటానికి కూడా.

రేకుల కప్పు సంగతి మరీ ముఖ్యం. పగలు వేడెక్కిన షెడ్డులో గాలి తేమను మోస్తుంది. తెల్లవారుజామున రేకు చల్లబడగానే ఆ తేమ దాని అడుగున బొట్లుగా చేరి, బోల్టులున్న వరుస వెంట కింద బస్తాల మీద పడుతుంది. బస్తాల నెట్టు పైవరసలోనే బూజు కనిపిస్తే కారణం చాలావరకు ఇదే. రేకు కింద వెదురు తడికెలతో లోకప్పు వేస్తే బొట్లు బాగా తగ్గుతాయి.

గాలి ఆడాలని కిటికీలు రోజంతా తెరిచి ఉంచడం తప్పు. లోపలొకటి, బయటొకటి చౌకరకం తేమమాపకాలు పెట్టుకుని, బయటి గాలి పొడిగా ఉన్న మధ్యాహ్నం వేళ తెరవండి, పొద్దు వాలకముందే మూయండి. లోపల గాలి తేమ 65 శాతం దాటకుండా చూసుకోండి. మీ పరీక్షలో డ్రైయర్ కాయ, కల్లం కాయ రెండూ ఒకే షెడ్డులో, ఒకే వరుసలో, ఒకే ఎత్తులో ఉండాలి. లేకపోతే షెడ్డు చేసిన నష్టం డ్రైయర్ ఖాతాలో పడుతుంది.

జవాబు: ప్రయోగశాల విశ్లేషకురాలు, హైదరాబాద్

రెండు నమూనాలకు రెండు ఫలితాలు వచ్చాయన్నారు. రెండూ నిజమై ఉండవచ్చు. అఫ్లాటాక్సిన్ లాటంతా సమానంగా పరుచుకుని ఉండదు. ఏవో కొద్ది కాయలే విషంలో ఎక్కువ భాగం మోస్తాయి. మీరు పంపిన గుప్పెడులో అలాంటి కాయ పడితే ఒక అంకె, పడకపోతే మరో అంకె. మా యంత్రం ఎంత సూక్ష్మంగా కొలిచినా, సంచిలో మీరు పెట్టినదాన్నే కొలుస్తుంది.

అందుకని ప్రతి బస్తాలోంచీ పై, నడుమ, అడుగు భాగాల నుంచి కొద్దికొద్దిగా కాయ తీసి ఒకచోట చేర్చండి. అది కొన్ని కిలోలు అవుతుంది, అవ్వాలి. మొత్తాన్ని పొడి కొట్టించి, బాగా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు ఉంచుకుంటూ మళ్లీ కలుపుతూ చివరికి పావు కిలోకు తెచ్చి పంపండి. పొడి కొట్టకుండా కాయలుగానే విడదీస్తే మళ్లీ మొదటి తప్పే జరుగుతుంది. మర ముందు లాటు పొడితో కలుషితం కాకుండా ప్రతిసారీ శుభ్రం చేయించండి. సంచుల మీద డ్రైయర్, కల్లం అని రాయకుండా అంకెలు మాత్రమే వేయండి, పరీక్షించే మాకు ఏది ఏదో తెలియకపోవడమే మంచిది.

మన దేశంలో సుగంధ ద్రవ్యాలకు మొత్తం అఫ్లాటాక్సిన్ల పరిమితి కిలోకు 30 మైక్రోగ్రాములు, ఐరోపా సమాఖ్యలో 10. ఖర్చు తగ్గించుకోవాలంటే ఎలైసా (విషాన్ని పట్టుకునే ప్రతిరక్షకాలతో చేసే పరీక్ష) పద్ధతి చాలు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు వేరుశనగ రైతులను దృష్టిలో పెట్టుకుని ఆ పద్ధతిలో చవకైన పరీక్షను రూపొందించారు.

మళ్లీ ప్రశ్న: గోదావరి ఒడ్డు రైతు

ముగ్గురికీ కృతజ్ఞతలు. నేను రెండుసార్లూ నమూనా తీసింది ఒకే బస్తా మూతి దగ్గర, చేతికి అందిన గుప్పెడు. తప్పు అర్థమైంది. మా ఊళ్లో కొందరు, ఊరివాళ్ల రక్తం కూడా పరీక్ష చేయించి డ్రైయర్ వచ్చాక తేడా చూద్దాం అంటున్నారు. అది చేయదగినదేనా?

జవాబు: వైద్యురాలు, నాందేడ్

అన్నా, రక్త పరీక్షల జోలికి మీ అంతట మీరు వెళ్లవద్దు. మనుషుల నుంచి రక్తం గానీ మూత్రం గానీ పరిశోధన కోసం తీసుకోవాలంటే నైతిక సమీక్ష సంఘం అనుమతి, ప్రతి ఒక్కరి రాతపూర్వక సమ్మతి ఉండాలని భారత వైద్య పరిశోధన మండలి 2017 నాటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. పైగా పదకొండు కుటుంబాలతో ఏదీ తేలదు. మన తిండిలో ఈ విషం మొక్కజొన్న, వేరుశనగల నుంచి కూడా వస్తుంది, కారం వాటా రోజుకు కొన్ని గ్రాములే. అందువల్ల కాయలో విషం కొలవండి, మనుషుల్లో కాదు.

అంతమాత్రాన దీన్ని తేలిగ్గా తీసుకోమని నా ఉద్దేశం కాదు. 1974లో అకాల వర్షాలకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని, రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల్లో సుమారు నాలుగు వందల మంది కామెర్లతో జబ్బుపడ్డారు, వందకు పైగా మరణించారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు దాని మూలం అఫ్లాటాక్సిన్ అని తేల్చారు. తక్కువ మోతాదులో ఏళ్ల తరబడి తిన్నా కాలేయ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది, హెపటైటిస్-బి ఉన్నవారిలో అది ఎన్నో రెట్లు ఎక్కువ. పిల్లలకు ఆ టీకా వేయించారో లేదో చూసుకోవడం ఏ రక్త పరీక్ష కన్నా మేలు చేస్తుంది.

నాకు కలత కలిగించేది మరొకటి ఉంది. నా దగ్గరికి వచ్చే రైతు కుటుంబాల ఇళ్లలో మంచి కాయ అమ్మకానికి పోతుంది, అమ్ముడుపోని తాలు కాయ ఇంటి కారానికి మిగులుతుంది. బూజు విషం ఎక్కువగా ఉండేది ఆ తెల్లబడిన, పగిలిన కాయల్లోనే. తాలింపులో వేగినా, కూరలో ఉడికినా ఆ విషం పోదు. మీ పరీక్షలో ఏరేసిన తాలు కాయను వేరే నమూనాగా పంపండి, ఆ అంకె ఇంట్లో ఆడవాళ్లకు చూపించండి. డ్రైయర్‌లో కాయ తిరగేసే పని ఉదయం, సాయంత్రం మాత్రమే పెట్టుకోండి. మధ్యాహ్నం యాభై డిగ్రీల వేడిలో, ఆ ఘాటులో ఎవరినీ లోపలికి పంపవద్దు.

మళ్లీ ప్రశ్న: గోదావరి ఒడ్డు రైతు

తాలు కాయ సంగతి చదివి ఇంట్లో చెప్పాను. మా అమ్మ కారం డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. అందులోని పొడిని కూడా పంపుతున్నాను. ఇంజనీరు గారూ, ఆ 4 కిలోల తట్టను రోజుకు ఒకసారి తూస్తే చాలా, ఏ వేళ తూయాలి?

జవాబు: వ్యవసాయ ఇంజనీరు, నిజామాబాద్

రెండుసార్లు తూయండి. పొద్దు వాలాక, కల్లంలో పట్టా కప్పి డ్రైయర్ తలుపులు మూయబోయే ముందు ఒకసారి, మర్నాడు పొద్దునే వాటిని తీసీ తీయగానే మరొకసారి. పొద్దుటి తూకం సాయంత్రపు తూకం కన్నా పెరిగి ఉంటే, పగలంతా ఎండి పోయిన నీటిలో ఎంత మంచు వల్ల రాత్రికి రాత్రి తిరిగి పట్టిందో ఆ గ్రాముల తేడా మీకు చూపిస్తుంది. కల్లం తట్టకూ డ్రైయర్ తట్టకూ పక్కపక్కన రెండు వరుసల్లో రాసుకోండి, ఆ రోజు ఆకాశం ఎలా ఉందో కూడా పక్కన ఒక మాట రాయండి.