మార్మన్ మిషనరీల దగ్గర ఊరికే సాయం తీసుకోవచ్చా?

అందరికీ నమస్కారం. మేం అమెరికాలో యూటాలో ఉంటాం. మావారికి నడుం ఆపరేషన్ అయినప్పటి నుంచి ఇద్దరు మార్మన్ మిషనరీ కుర్రాళ్లు (మార్మన్ అనే క్రైస్తవ శాఖ తరఫున మతప్రచారం చేసేవాళ్లు) వచ్చి మా వాకిట్లో మంచు ఎత్తిపోస్తున్నారు. మా అత్తయ్యగారికి ఇంగ్లిష్ కూడా నేర్పుతున్నారు. డబ్బిస్తే పుచ్చుకోరు. అత్తయ్యగారు టీ పెట్టిస్తే మొహమాటపడుతూ వద్దన్నారు. టీ, కాఫీలు వాళ్ల మతంలో నిషిద్ధమట. ఇప్పుడు ఆవిడ వాళ్లొచ్చే రోజు పులిహోర కలిపి ఉంచుతున్నారు, ఇష్టంగా తింటారు.

మేం మతం మారబోమని మొదట్లోనే చెప్పేశాం. 'పర్లేదండీ, సేవ కూడా మా పనే' అన్నారు. అయినా వెళ్లేటప్పుడు ఆదివారం ప్రార్థనకు రమ్మని పిలుస్తూనే ఉంటారు.

వాళ్లకు జీతం లేదు. 18, 19 ఏళ్ల పిల్లలు, సొంత ఖర్చుతోనో ఇంట్లోవాళ్ల డబ్బుతోనో రెండేళ్లు ఇల్లొదిలి వస్తారు. అందుకే నాకు మనసొప్పడం లేదు. 'చెప్పాల్సింది చెప్పాం, ఆపైన వాళ్లిష్టం' అంటారు మావారు. మంచు సంగతి సరే, పక్కింటివాళ్లైనా చేస్తారు. ఇంగ్లిష్ పాఠాలే నన్ను తొలుస్తున్నాయి. ఆ గంట వాళ్ల మాట నిజంగా వినాలనుకునేవాళ్లకు దక్కాల్సింది కదా? కానీ ఆపేద్దామంటే అత్తయ్యగారు చిన్నబుచ్చుకుంటారు. ఇక్కడ ఆవిడతో ఓపిగ్గా మాట్లాడేది వాళ్లే.

ఇలాంటి సాయం తీసుకున్నవాళ్లు, ముఖ్యంగా మిషనరీగా పనిచేసినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి. మర్యాద కోసం ఒక్కసారి ప్రార్థనకు వెళ్తే వాళ్లకు లేనిపోని ఆశ కల్పించినట్టవుతుందా? లేక అసలు వెళ్లకపోవడమే తప్పా?