వాచ్‌డాగ్‌కు టైమర్ ఇంటరప్ట్‌లో కిక్ ఇవ్వచ్చా?

దేవరకొండ_బోరు:
బోరు మోటారుకు సొంతంగా సిమ్ స్టార్టర్ డబ్బా (ఫోన్‌తో మోటారు ఆన్, ఆఫ్ చేసేది) చేశాను. కోడ్ నడిపేది ఏటీమెగా328పీ చిప్, సిమ్ కార్డు పెట్టేది సిమ్800ఎల్ మాడ్యూల్. పొలం దగ్గర సిగ్నల్ పోతే మాడ్యూల్ టవర్ వెతుక్కుంటూ ఉండిపోతుంది. ఈలోగా వాచ్‌డాగ్ (కోడ్ ఇరుక్కుందేమో కాపలా కాసే చిప్‌లోని టైమర్, టైములోగా కోడ్ ‘కిక్’ ఇచ్చి దాన్ని మొదటికి తేకపోతే చిప్‌ను రీస్టార్ట్ చేస్తుంది) రీసెట్ కొడుతుంది, రిలే పడి మోటారు ఆగుతుంది. రాత్రిపూట నాన్న టార్చి పట్టుకుని పొలానికి పోవాల్సి వస్తోంది. ఈ చిప్‌లో వాచ్‌డాగ్ టైము 8 సెకన్లకు మించి పెట్టలేం. టైమర్ ఇంటరప్ట్‌లో, అంటే కోడ్ ఏం చేస్తున్నా టైము ప్రకారం మధ్యలో వచ్చి నడిచే ముక్కలో, కిక్ ఇస్తే పోదా? తప్పంటారెందుకు?

పాలమూరు_పీసీబీ:
వద్దు తమ్ముడూ. మెయిన్ లూప్ (తిరుగుతూ ఉండే అసలు కోడ్) ఎక్కడో ఇరుక్కుపోయినా ఇంటరప్ట్ టంచనుగా వస్తూనే ఉంటుంది. ఇంట్లో మనిషి పడిపోయినా వాకిట్లో లైటు వెలుగుతోంది కదా అని ఊరుకున్నట్టు. బోరులో నీళ్లు అడుగంటాయనుకో. డ్రైరన్ (నీళ్లు లేకుండా మోటారు తిరగడం) చూసే కోడ్ ఆగిపోయింది, మోటారుకు కరెంటిచ్చే కాంటాక్టర్ మాత్రం పట్టుకునే ఉంది. తెల్లారేసరికి వైండింగ్ మాడుతుంది. మోటారు బయటికి లాగే ఖర్చు ఎవరిస్తారు? దానికంటే రీసెట్ అయి ఆగడమే నయం.

మిర్యాలగూడ_ప్యానెల్:
నయమా? నాట్లప్పుడు రాత్రంతా మోటారు ఆగితే ఏమవుతుందో మడిలో నిలబడి చూడాలన్నా. స్టార్టర్ ఆటో మోడ్‌లో ఉంటే ఇంకో బాధ. రీసెట్ అయిన ప్రతిసారీ మళ్లీ స్టార్ట్ అవుతుంది, స్టార్టింగ్ కరెంటు మామూలుకు ఐదారు రెట్లు. పదేపదే పడి లేస్తే పోయేదీ వైండింగే. నేను ఇంటరప్ట్‌లోనే ఇస్తా, డ్రైరన్‌కు విడిగా రిలే పెడతా.

పాలమూరు_పీసీబీ:
విడి రిలే ఉంటే నీ మాట కొంత ఒప్పుకుంటా. ఈయన డబ్బాలో లేదుగా. అసలు తప్పు, మాడ్యూల్ జవాబు కోసం కోడ్ అక్కడే నిలబడిపోవడం. కమాండ్ పంపి వదిలెయ్, లూప్ తిరగనీ, జవాబు వచ్చినప్పుడు చూసుకో. నిమిషం దాటినా రాకపోతే మాడ్యూల్‌ను మాత్రమే రీస్టార్ట్ చెయ్, చిప్‌ను కదిలించకు. కరెంటు చదివి, డ్రైరన్ చూశాక, లూప్ చివర ఒక్కచోటే కిక్.

హుజూర్‌నగర్_రిపేర్:
ఇది వాచ్‌డాగ్ పనేనని ఎవరు తేల్చారు? సిమ్800ఎల్ సిగ్నల్ పంపే క్షణంలో 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. చిప్పూ అదే సప్లై మీద ఉంటే వోల్టేజి పడి బ్రౌనౌట్ రీసెట్ అవుతుంది. ప్రోగ్రాం మొదటి లైన్లలోనే, చిప్ ఎందుకు రీసెట్ అయిందో రాసి ఉంచే ఎంసీయూఎస్ఆర్ రిజిస్టర్ చదువు. 8 వస్తే వాచ్‌డాగ్, 4 వస్తే బ్రౌనౌట్. చదివాక దాన్ని చెరిపేసి వాచ్‌డాగ్‌ను అప్పటికి ఆపు. లేదంటే ఒకసారి వాచ్‌డాగ్ రీసెట్ అయ్యాక అది 16 మిల్లీసెకన్ల టైముతో ఆన్‌లోనే ఉంటుంది, డబ్బా రీసెట్ల మీద రీసెట్లు కొడుతుంది. ఆప్టిబూట్ (చిప్‌లోకి ప్రోగ్రాం ఎక్కించే బూట్‌లోడర్) ఉంటే జాగ్రత్త, మీ కోడ్ కంటే ముందే ఆ రిజిస్టర్‌ను చెరిపేస్తుంది.

దేవరకొండ_బోరు:
బూట్‌లోడర్ లేకుండా ఎక్కించి చూశాను. టవర్ వెతికేటప్పుడు 8, ఎస్సెమ్మెస్ పోయేటప్పుడు 4. రెండూ ఉన్నాయి! మాడ్యూల్ కాళ్ల పక్కనే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేశాను, 4 మళ్లీ రాలేదు. 8 కోసం పాలమూరు అన్న చెప్పినట్టు కోడ్ విడగొడుతున్నా.

మిర్యాలగూడ_ప్యానెల్:
విడగొట్టు. ఎండాకాలం వచ్చేలోపు ఆ విడి రిలే కూడా పెట్టు. కోడ్ ఎంత బాగున్నా మోటారును దాని ఒక్కదాని మీద వదలను నేనైతే.